బిల్లు కింది మాట

ఛత్తాబజార్‌ల నలభై ఏండ్లు
సీసపు అక్షరాలు పేర్చిన చేతులివి.
పెండ్లి కార్డు మీద గణపతి,
బిల్లు బుక్కు కింద ఒక్కటే మాట:
"అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు."
ఎవలు అడగకున్నా వేసేటోణ్ణి.
అంగీకి గుండీ ఉన్నట్టు
బిల్లుకు అది ఉండాలె అనుకునేటోణ్ణి.

మొన్న ఆషాఢంల
మా సుగుణకు చెవి మిషన్ కొన్న, కోఠీల,
పద్దెనిమిది వేల ఆరొందలు.
మూడోనాటికే ఈలేసుడు షురూ చేసింది.
కుక్కరనుకొని ఆమె రెండుసార్లు పొయ్యి బంద్ చేసింది.
నేను పిలిస్తే మాత్రం ఇనబడలే.

దుకాణాయన మిషన్ దిక్కు చూడలే.
బిల్లు నా దిక్కు తిప్పి
గోరుతోటి కింది మాట చూపిండు:
"సదువొచ్చు గదా పెద్దాయనా, సదువు."
సదివిన.
'డ' తలకట్టు విరిగి ఉన్నది.
ఆ విరుగుడు నాకెరుకే.
తొంభై ఎనిమిదిల చెయ్యిజారి బండ మీద పడ్డది,
ఇంకోటి వెతుక బద్ధకమై అట్లనే నడిపిచ్చిన.
నా అక్షరమే నా మొకం మీద తలుపేసింది.

ఇంటికి పోలే.
బైండింగ్ ఖాజామియా బిడ్డ నిషాత్
సాయంత్రం కాలేజీల లా సదువుతది,
జిగురు చేతులతోనే బిల్లు అందుకున్నది.
"చాచా, ఇది ఎవలు రాసిన చట్టం?"
నేనే, అనలేకపోయిన.
"సరుకుల లోపముంటే వాపసు తీసుకోవాలె.
బిల్లుల గడువు రాయకుంటే ముప్పై రోజులు.
తీసుకోను అనుడే తప్పు.
నాంపల్లిల అర్జీ పెట్టు.
గింత రకానికి ఫీజు లేదు,
వకీలు గూడ అక్కెర లేదు."

అర్జీ నేనే రాసిన.
ఇన్నేండ్లు మంది మాటలు అచ్చేసినోణ్ణి,
నా మాట నేను రాసుడు అదే మొదలు.
ఒక్క పదం కాడ ఆగిన: వినియోగదారుడు.
ఎంత పొడుగు! పేరిస్తే స్టిక్కు సగం నిండుతది.
కొన్నోడు అంటే సరిపోదా?
సరిపోదంట.
కొన్నోనికి సంచే ఉంటది,
ఈయనకు నోరు గూడ ఉంటదంట.

ఇప్పటికి రెండు వాయిదాలు.
మొదటినాడు అవతలి వకీలు రాలే.
రెండోనాడు వచ్చిండు, బిల్లు లేపి చూపిండు:
"ఇంత సాఫ్‌గ అచ్చేసి ఉందండీ."
కుర్చీల మేడమ్ నన్ను చూసింది.
"అచ్చేసింది నేనే" అన్న.
హాలుల ఫ్యాన్ సప్పుడొక్కటే.
తర్వాత ఎవలో నవ్విన్రు. నేను గూడ.

తీర్పు రాలే. వస్తదో, ఎట్లొస్తదో.
సుగుణ ఇంకా నా పెదవులు చూసే జవాబిస్తది.

నిన్న బేగంబజార్ నుంచి ఒకాయన
ఇరవై బిల్లు బుక్కులకు ఆర్డరిచ్చిండు.
ప్రూఫ్ చూసి, కింద జాగ ఖాళీ ఏందన్నడు.
"అక్షరం విరిగింది సేఠ్."
"కొత్తది పెట్టు."
"ఇప్పుడెక్కడా పోస్తలేరు" అన్న.

అబద్ధమే.
డబ్బాల ఇంకో నాలుగు 'డ'లున్నయి,
తలకట్లు పదిలంగ.