అరవై నలుగురు నేనులు

పొద్దున ఐదింటికి డిపో తలుపు తీస్తాను.
పట్టాల మీద రాత్రి కురిసిన మంచు,
ఇంకా ఎవరూ తొక్కనిది.
లియెపాయాలో ఒకటే ట్రామ్ దారి.
మూతబడ్డ ఉక్కు ఫ్యాక్టరీ ఒక కొస,
సరస్సు ఒడ్డు ఇంకో కొస.
మధ్యలో నేను, పదకొండేళ్ళుగా.

అంతకుముందు చెల్లో వాయించేవాణ్ణి,
రెండో వరసలో, స్తంభం పక్కన.
ఆర్కెస్ట్రా మూసేసిన రోజు
మా కుర్చీలు మాకే అమ్మారు, ఒక్కోటి ఆరు యూరోలు.
నాది వంటింట్లో ఉంది.
బంగాళదుంపలు ఒలిచేటప్పుడు అందులోనే కూర్చుంటాను,
వీపు నిటారుగా.

ఓ డిసెంబరు సాయంత్రం జెల్మా వచ్చింది.
రెండు మైకులు, ఒక లాప్‌టాప్,
కాగితంలో చుట్టిన పొగచేప.
"పాట వద్దు విస్వాల్దిస్, స్వరాలివ్వు. విడివిడిగా."
ఒక్కో స్వరం నాలుగు రకాలు:
మెల్లగా, గట్టిగా,
కమాను కొసతో గీరి, వేలితో మీటి.
గదంతా గుగ్గిలం పొడీ చేపనూనే కలిసిన వాసన.
కిందింటివాళ్ళ ఫ్రిజ్ మూలిగినప్పుడల్లా
ఆగమని చెయ్యెత్తేది.

ఇప్పుడు నేను బెర్లిన్‌లో వాయిస్తున్నానట.
ఒసాకాలో కూడా.
ఇక్కడ ఓ ముసలమ్మ సంచీ ఎక్కించేదాకా
తలుపు ఆపి పట్టుకున్న క్షణంలోనే
అక్కడ అరవై నలుగురు నేనులు
ఒక్క ఊపిరికి కమాను ఎత్తుతున్నారు.
ఎవడికీ భుజం నొప్పి లేదు.
ఎవడూ జీతం అడగడు.

వేసవిలో మా ఊరే వచ్చింది, రేవు గోదాములో కచేరీకి.
వేదిక మీద ఒక బల్ల, ఒక మనిషి.
చీకట్లో తాళంచెవి తడుముకున్నట్టు
మీటల మీద ఆమె వేళ్ళు.
ముందు దరువు లేచింది. అది నా ట్రామ్ తలుపు!
ఎప్పుడు పట్టుకుపోయిందో.
ఆమె గొంతు సన్నగా మొదలై
మధ్యలో గాజుపెంకుల్లా తెగి,
ఒక్కో పెంకూ వేరే ఎత్తులో పాడింది.
వేణువులు, బాకాలు, బాల్టిక్ గాలి,
పాత టెలిఫోను డయల్ మోత,
వాటి కింద నించి తీగలు లేచాయి.

నేను నా ఎఫ్ కోసం కాచుకున్నాను.
రెండో తీగ మీది ఆ ఎఫ్
వేలు ఎటు జరిపినా వెంట్రుకవాసి కిందే పలికేది.
మాస్టారు మొట్టికాయలు వేశారు.
కండక్టరు నన్ను పేరుతో పిలిచేవాడే కాదు,
"ఏమోయ్ ఎఫ్" అనేవాడు.

వచ్చింది.
ఉతికి ఇస్త్రీ చేసినట్టు వచ్చింది.
అరవై నలుగురూ శ్రుతిలో ఉన్నారు.
నేను మాత్రం ఎక్కడా లేను.

తర్వాత వెనక్కి వెళ్ళాను.
మోచేతికీ అరచేతికీ మధ్య వైరు చుట్టుకుంటోంది,
ఊలు చుట్టినట్టు.
బాగుందని చెప్పి వచ్చేద్దామనుకున్నా.
"నా తప్పేదీ?" అన్నాను.
ఆమెకు అర్థం కాలేదు.
"మెషీన్ సరిచేస్తుంది, దానంతటదే" అంది.
చుడుతున్న వైరు చేతిలోనే ఆగిపోయింది.

అక్టోబరులో ఫోన్‌కి పాట వచ్చింది,
కింద ఒక్క వాక్యం:
"ఒకణ్ణి అలాగే వదిలేశాను. ఎవణ్ణో చెప్పను."

చివరి స్టాపులో ఏడు నిమిషాల విరామం నాకు.
హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని
వాణ్ణి వెతుకుతాను.
నిన్న దొరికినట్టే ఉన్నాడు,
ఎడమ చెవిలో, బాగా వెనక,
ఏదో స్తంభం అడ్డమున్నట్టు.
అంతలో ఎవరో అద్దం మీద కొట్టారు.
రెండు నిమిషాలు ఆలస్యమట.