నడిమి ఇరుసు

మలుపు తిప్పితే టకటకమంటోందని
తెచ్చింది సియాలా.
ఎడమకి తిప్పితే ఎక్కువ, కుడికి తక్కువ,
తిన్నగా పోతే అసలు లేదు.
ఇంత బాగా చెప్పేవాళ్లు నా షెడ్డుకి రారు.
పశువుల డాక్టరు కదా,
నోరులేని వాటి నొప్పి అడిగి అలవాటు.

రుస్తావి సంతలో కొన్న బండి.
సముద్రం అవతల ఎవరో గుద్దేస్తే
ఓడెక్కి వచ్చి, ఇక్కడ ముక్కు అతికించుకుని,
మెరుగు పెట్టించుకుని నిలబడ్డ చిన్న ఎస్‌యూవీ.
పైన పటారం. లోన సంగతి
జాకీ ఎత్తితేగాని తెలీదు.
నాలుగు టైర్లూ నాలుగు కంపెనీలవి,
అరుగుదల నాలుగు రకాలు,
పొట్టీ పొడుగూ ఎడ్లని ఒకే కాడికి కట్టినట్టు.

ఓ చుట్టు తిప్పి చూశాను.
నలభై దాటినా వణకలేదు.
వణకాలి.
ఈ వయసుకి, ఈ టైర్లతో, ఈ రకం బండి వణకాలి.
వణక్కపోవడమే నాకు నచ్చలేదు.

కింద పడుకున్నాను.
కుడి ముందు చక్రం దగ్గర రబ్బరు బూటు చిరిగింది,
గ్రీజంతా చిమ్మి నల్లగా గడ్డకట్టింది.
టకటక అక్కడిదే, పూట పని.
టార్చి ఇంకాస్త వెనక్కి తిప్పాను.

గేరుపెట్టె నుంచి వెనక ఇరుసు దాకా
సాగాల్సిన ఆ పొడవాటి గొట్టం
లేదు.
ఊడలేదు, విరగలేదు. విప్పారు.
అంచు మీద ఖాళీ బొక్కలు నాలుగు,
ఒకదాని పక్కన
పసుపు పెయింటు చుక్క.

నా చుక్క.
మళ్లీ బిగించేటప్పుడు ఏది ఎక్కడిదో తెలియాలని
ట్రాక్టర్ల షెడ్డులో కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ
నేను పెట్టే చుక్క.

మూడేళ్ల కిందట, ద్రాక్ష కోతల రోజులు.
జుంబెర్ తెచ్చాడు.
"వణుకుతోంది తెంగిజ్, కొనేవాడు పారిపోతున్నాడు."
నడిమి బేరింగు పోయింది, మార్చాలన్నాను.
మార్చకు, తీసెయ్ అన్నాడు.
తీసేశాను.
డాష్‌బోర్డు దీపం వెనక నల్ల టేపు ముక్క కూడా
నేనే అంటించాను.
నలభై డాలర్లు.
ఎవరికి అమ్ముతావని అడగలేదు.

"మంచులో ఎలా పోతోంది?"
బండి కింద నుంచే అడిగాను.
"బాగానే. తియానేతి పైన గొర్రెల దొడ్లకి
జనవరిలో కూడా ఎక్కాను.
నాలుగు చక్రాలూ లాగుతాయి కదా అని తొక్కేదాన్ని."

లాగినవి ముందు రెండే.
వెనకవి ఊరికే వెంట వచ్చాయి,
పెళ్లివారి వెనక చుట్టాల్లా.

"ఒక్కసారి మాత్రం వెనక్కి జారింది,
చెట్టు అడ్డం ఉండి ఆగాను.
టీకాల పెట్టె పగిలింది.
రోడ్డుదే తప్పనుకున్నా."
నాకు కనిపిస్తున్నవి ఆమె బూట్లూ చేతులే.
ఎడమ మణికట్టుని కుడి చేత్తో
మెల్లగా నిమురుకుంటోంది.

షెడ్డు వెనక, తడిసిన గోనెసంచుల కింద
ఉంది ఆ గొట్టం.
నేనేదీ పారెయ్యను. అదొక జబ్బు.
కొత్త బేరింగు వేసి,
మోసుకొచ్చి, అంచుకి అంచు ఆనించాను.
చుక్క పక్కన చుక్క.

సియాలా వంగి చూసింది.
చెవి బిళ్ల చూసి
ఏ గొర్రె ఏ మందదో చెప్పే కళ్లు.
చాలాసేపు ఏమీ అనలేదు.
నేనూ బోల్టులు బిగించడం మానలేదు.
తర్వాత లోపలికెక్కి టేపు పీకాను.
దీపం ఒకసారి వెలిగి ఆరింది.

"ఎంత?"
బేరింగుకి, బూటుకి ఇస్తే చాలన్నాను.
ఆమె కూలితో సహా లెక్కగట్టి,
నోట్లు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది.
ఒక్కటీ తగ్గించలేదు నా కోసం.

గేటు దగ్గర మలుపులో
వెనక చక్రాలు బిగుసుకుని ఒక గెంతు గెంతాయి.
ఇన్నాళ్లకి పనిలోకి దిగాయి మరి.
"టైర్లు! నాలుగూ ఒకటే రకం వెయ్యాలి!"
పరిగెత్తుతూ అరిచాను.
కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చింది.
సరేననో,
ఇక చాలనో.