పద్నాలుగు విభక్తులు

జులైలో ఎండెల్ నీలి బెర్రీలకని వెళ్ళాడు,
సొట్టపడ్డ అల్యూమినియం బకెట్టు పట్టుకుని.
సాయంత్రానికి బకెట్టు నిండింది.
మోకాలి వెనక పిడుదు, నువ్వుగింజంత.
పట్టకారుతో నేనే లాగి
స్పిరిట్ అద్ది పొయ్యిలో పారేశాను.
అయిపోయిందనుకున్నాం.

వారం తర్వాత జ్వరం వచ్చి తగ్గింది.
తగ్గిందన్న సంబరంతో
శనివారం ఆవిరిగది వేడిచేశాం కూడా.
మళ్ళీ వచ్చింది. ఈసారి తలలోకి.

కురెస్సారే ఆసుపత్రిలో డాక్టరమ్మ
ఎండెల్ దగ్గర ఆరో తరగతి చదువుకున్న పిల్ల.
వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్షకు పంపింది.
"డెబ్భై నాలుగేళ్ళు కదా," అంది నాతో నడవాలో,
"వైరస్ పోతుంది.
పోతూ పోతూ ఏం పట్టుకుపోతుందో చెప్పలేను."

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ దీవి పిల్లలకి
వ్యాకరణం చెప్పినవాడు.
మా ఎస్టోనియన్లో పద్నాలుగు విభక్తులు.
నేను సైకిలు మీద పోస్టు పంచినదాన్ని,
సగానికి సగం తప్పు పలికేదాన్ని.
పెళ్ళికి ముందు నేను రాసిన ఉత్తరాల్ని
ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపేవాడు!
మూడోదానికి ఏడ్చాను.
అయిదో ఉత్తరంలో "సరే" అని ఒక్క మాట రాశాను.
దిద్దడానికి అందులో ఏం దొరకలేదు.

ఆకులు రాలేవేళకి ఇంటికి తెచ్చుకున్నాను.
కప్పు పట్టుకుంటే సాసర్ గలగలమంటుంది.
గట్టినేల మీద కూడా
పడవలో నడిచినట్టు నడుస్తాడు.
పేర్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి:
చెంచా, టోపీ, పొయ్యి, కుక్క పేరు, ఆ తర్వాతే నా పేరు.
వాటి వెనక రావాల్సిన తోకలు రాలేదు.

"పడవ," అంటాడు.
పడవలోనా, పడవ మీదా, పడవ కోసమా?
"పడవ," అంటాడు మళ్ళీ, గట్టిగా,
చెవుడు నాకే అన్నట్టు.

సంతలో కనబడ్డవాళ్ళు
"మనిషి బాగానే ఉన్నాడే" అంటారు.
ఉన్నాడు. దువ్వుకున్న తలతో, శుభ్రమైన కోటుతో.
మధ్యాహ్నానికి సోలిపోతాడని,
చిల్లర లెక్క తెగక నాణేలు నేలకేసి కొట్టాడని,
రేడియోలో వాతావరణం చెబుతుంటే ఏడ్చాడని
కోటు మీద రాసి ఉండదు కదా.

గురువారాలు కెర్తు వస్తుంది,
మాట నేర్పే అమ్మాయి, బొమ్మల అట్టలతో.
మెట్స అంటే అడవిలోకి.
మెట్సస్, అడవిలో.
మెట్సస్ట్, అడవిలోంచి.
మొదటి రెండూ అంటాడు.
మూడోదాని కొసన ఉన్న ట్ దగ్గర
నాలుక పళ్ళకి తగిలి ఆగిపోతుంది.
"ఎక్కడున్నారు మాస్టారూ?" అంటుందా పిల్ల నవ్వుతూ.
"మెట్సస్."
కెర్తు అట్ట తిప్పి తప్పు గుర్తు పెడుతుంది.
నాకు అందులో తప్పేం కనబడదు.

టీకా వేయించుకుందామని ఏప్రిల్లో అన్నాడు.
బంగాళాదుంపలు నాటాక చూద్దాంలే అన్నది నేను.
ఈ వాక్యాన్ని రాత్రిళ్ళు ఎన్నిసార్లో దిద్దుకోబోయాను.
ఒక్క తప్పూ లేదు.

మొన్న తుఫానుకి కరెంటు పోయింది.
పొయ్యి పక్కన ఇద్దరం, కుక్క.
ఉన్నట్టుండి నా చొక్కా చెయ్యి పట్టుకుని
"లైనెస్ట్" అన్నాడు.

ట్ వినబడింది. చెకుముకి రాయి కొట్టినట్టు.

లైనె నా పేరు. అల అని అర్థం.
లైనెస్ట్ అంటే నాలోంచి కావచ్చు,
నా గురించి కావచ్చు,
ఉత్త అలలోంచీ కావచ్చు.
ఏది, ఎండెల్? ఏమిటి నాలోంచి?
పెదాలు కదిలాయి.
క్రియ రాలేదు.

కట్టె కూలి నిప్పు సన్నబడుతోంది.
లేచి ఇంకొకటి వెయ్యాలి.
నా చెయ్యి ఇంకా వదల్లేదు.