మాఫీ

కమ్మనహళ్ళి మెయిన్ రోడ్డులో
మందుల షాపుకూ మోమోల బండికీ నడుమ
ఒక అద్దాల గది.
గది బయట ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో నేను,
రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా.
లోపల ఏసీ గాలికి పిల్లి పడుకుంటాది.
దాన్ని తరమడం కూడా నా డ్యూటీనే అంట.
తరమను.

డబ్బుకు కాపలా అని పేరే గానీ
దాన్ని నేను చూసింది తక్కువ.
విన్నదే ఎక్కువ.
మా కదిరిలో శెనక్కాయలు వొలిచే మిషను
చివరి మూట కొచ్చినప్పుడు చేసే చప్పుడు,
అదే చప్పుడు దీని కడుపులో.
ఐదొందలంటే ఒక దగ్గు.
పదివేలంటే రేకుల మీద వాన.

నెలకొకసారి ఆ వాన కురిపించేవాడు ఇద్రీసు.
సూడాను పిల్లోడు, ఫార్మసీ చదువు.
తలుపు ఏడడుగులుంటాది,
అయినా తల వంచే లోపలికి పోతాడు.
కార్డు వాళ్ళ అక్కది. అక్క జెద్దాలో నర్సు.
రియాలు రూపాయయ్యే లోపల
అక్కడి బ్యాంకు ఒక పన్ను,
నడిమి కంపెనీ ఒక పన్ను,
ఈ మిషను ఒక పన్ను
దిగేస్తాయంటాడు.
అందుకే చిల్లర చిల్లరగా తీయడు.
ఒక్క తాపకు పదివేలు,
మళ్ళీ నెల దాకా ఈ పక్కకే రాడు.

మిషను ముందుగా భాష అడుగుతాది.
మూడుంటాయి. నాది లేదు.
వాడిదీ లేదు.
వాడొచ్చిన మొదటి రోజు
తెర మీద వేలు పెట్టి "రసీద్, రసీద్" అన్నాడు.
నేను బుట్టలోంచి ఒక చీటీ ఏరి ఇచ్చినా.
గోడ పట్టుకుని నవ్వినాడు.
వాళ్ళ మాటలో రసీద్ అంటే
ఖాతాలో మిగిలిందంట.
మనకు చేతిలో మిగిలింది.

ఆ పొద్దు నుంచి అదొక ఆట మాకు.
వచ్చీరాని కన్నడంలో మాటలు బేరమాడుకునేది.
బాకీ అన్నాన్నేను.
వాళ్ళకూ ఉందంట, మిగిలేది అని అర్థమంట.
మా వైపూ మిగిలేది అదే నాయనా అన్నాను.
వాడికి ఎంత అర్థమయిందో.

ఆగస్టు రెండో తారీకు. బయట నిజం వాన.
లోపల వాన రాలేదు.
కార్డు పెట్టినాడు, తీసినాడు,
షర్టుకు తుడిచి మళ్ళీ పెట్టినాడు.
పిల్లి లేచి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ పడుకుంది.
బయటికొచ్చి
"అంకుల్, రసీద్ మాఫీ" అన్నాడు.

మాఫీ!
కుర్చీలోంచి లేచి నిలబడినా.
మా సొసైటీలో నా పంట అప్పు
మూడు ఎలక్షన్ల నుంచి మాఫీ అవుతానే ఉంది.
లిస్టులో గంగులప్పకు బదులు గంగులమ్మ అని పడిందంట,
ఆ గంగులమ్మ ఎవరో ఊర్లో ఎవరికీ తెలీదు.
ఎవరో ఒకరికి అయింది కదా అని
వాడి చెయ్యి పట్టుకుని ఊపినా ఊపినా.
వాడు ఊపనిచ్చినాడు.

టీ బండి కాడ
జేబులు రెండూ బయటికి లాగి చూపించినాడు.
మా ఫీ.
లేదు అని. ఏమీ లేదని.
వాళ్ళ ఊర్లో యుద్ధం,
ఇంటోళ్ళు పదకొండు మంది కైరో చేరినారు,
అక్క జీతం వాళ్ళ బాడిగకే చాలడం లేదు.
నీళ్ళు మా ఫీ, కరెంటు మా ఫీ,
వాళ్ళమ్మ ఫోన్లో అన్నీ అట్లే చెప్తాదంట.
నేను ఊపిన చెయ్యి
ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు.

రెండు టీలు, ఒక బన్ను. నలభై రూపాయలు. నేనే ఇచ్చినా.
వద్దంటే వినకుండా
నా డ్యూటీ రిజిస్టరు లాక్కుని
ఆ నాటి తేదీ కింద
కుడి నుంచి ఎడమకు ఏందో రాసిపెట్టి
వానలోనే పోయినాడు.

పొద్దున సూపర్‌వైజరు కళ్ళజోడు పైకి తోసి
"ఏందిది గంగులప్పా,
కోడి కెలికినట్టు?"

రసీదు సార్, అన్నాను.