వాన ఖర్చు

మా దేశంలో డబ్బు పేరు వాన. పులా.
చిల్లర పేరు డాలు. తెబే.
లొబాట్సే మాంసం ఫ్యాక్టరీలో తూకాల గుమస్తా
గసెన్నెల్వే గారు
ఈ రెండు మాటలు పెట్టుకునే
నాకు నాలుగొందల మీటర్లు నేర్పాడు.

నిరుడు ఆయన మాట వినలేదు నేను.
తుపాకీ పేలడమే ఆలస్యం,
జీతమందిన రాత్రిలా పరుగెత్తాను.
సగం దూరానికి ఇరవై నాలుగు సెకన్లు.
మా క్లాసు పిల్లలు బెంచీలెక్కి అరిచారు.
రెండో వంపు సగంలో
తొడల్లోకి ఎవరో తడి సిమెంటు పోశారు.
మెడ కొయ్యబారింది.
చేతులు ఈత రానివాడి చేతులయ్యాయి.
మిగతా సగానికి ముప్పై ఒకటి.
నన్ను దాటిపోయిన ఆరుగురి వీపుల మీది అంకెలు
ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను.

ఆయన తిట్టలేదు.
బస్సు కోసం నిలబడ్డచోట
నాలుగు నాణేలు తీసి అరచేతిలో పరిచాడు.
"వందకొకటి.
రెండొందలకే మూడున్నర తగలేశావు.
అప్పులవాడు ఎక్కడ కాపు కాస్తాడో తెలుసా?
మూడొందల ఇరవై దగ్గర.
వాడు వాయిదాలు ఒప్పుకోడు."

మరి దాచుకుంటూ పరుగెత్తనా అన్నాను.
"పిసినారి కూడా ఓడిపోతాడు,
కాకపోతే జేబు నిండుగా ఓడిపోతాడు.
మొదటి యాభై చెయ్యి విదిలించి ఖర్చుపెట్టు.
తర్వాత
వేగం నీదే, దాన్ని మొయ్యడం మానెయ్."

ఆ మాట అర్థం కావడానికి జూన్ చలంతా పట్టింది.
ఆకు రాలిన ముళ్ళచెట్ల పక్క, ఎర్రమట్టి మైదానంలో,
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
ఒక తూకం చీటీ పెట్టి పరుగెత్తించేవాడు.
ఉల్లిపొర లాంటి కాగితం,
ఏదో ఎద్దు బరువు రాసి ఉండేది.
చీటీ నలిగితే పరుగు లెక్కలోకి రాదు.
ఎన్ని ఎద్దుల్ని నలిపానో.

ఈసారి గాబరోన్‌లో నాకు ఎనిమిదో లేన్.
ముందు ఎవరూ కనబడరు.
వెనక అడుగుల చప్పుడొక్కటే,
రేకు మీద చినుకులు మొదలైనట్టు.

మొదటి యాభై విదిలించాను.
భుజాలు దించాను. దవడ వదిలాను.
ఎదురు వీధిలా సాగే ఆ తిన్నని దారిలో
టుటుమె నుంచి వచ్చిన చెడ్జా
లోపలి లేన్లో నన్ను దాటింది.
ఒళ్ళంతా ఒక్కటే గోల: పో, పో, దాని వెంట పో.
వేళ్ళ మధ్య చీటీ.
పోలేదు.
ఇరవై ఐదు పాయింట్ నాలుగు.

రెండో వంపు చప్పట్లకు దూరం.
అక్కడ మనిషి ఒంటరిగా బేరమాడుకోవాలి.
మూడో నాణెం అక్కడే పెట్టాను,
చేతులతో,
కాళ్ళు అప్పటికే మొండికేస్తున్నాయి గనక.

చివరి వందలో నేను దూసుకొచ్చానని చూసినవాళ్ళు అంటారు.
అబద్ధం.
అక్కడ ఎవరూ దూసుకురారు.
అందరం ఆగిపోతూనే ఉంటాం,
నేను కొంచెం ఆలస్యంగా ఆగిపోయాను, అంతే.
పులా! పులా! అని స్టాండ్ అంతా అరుస్తోంది,
డబ్బనా, వాననా,
నాకు రెండూ అయిపోయాయి.
చెడ్జా నా పక్కకు వచ్చింది, తర్వాత నా వెనక్కి.
ఇంకిద్దరు మాత్రం అందలేదు.

యాభై మూడు పాయింట్ రెండు. మూడో స్థానం.
చీటీ చెమటకు కరిగి
ఎద్దు బరువు నా బొటనవేలి మీద తిరగేసి అచ్చయింది.

గసెన్నెల్వే గారు
స్థానం అడగలేదు. పతకం చూడలేదు.
నోటుబుక్కులో రెండు అంకెలు రాసి,
ఒకదాన్నుంచి ఒకటి తీసేసి,
నన్ను ఎగాదిగా చూశాడు.
"గీత దాటాక నువ్వు నిలబడే ఉన్నావు" అన్నాడు.
అవునన్నాను, కాస్త గర్వంగానే.
"అయితే ఎక్కడో
యాభై తెబేలు మిగుల్చుకున్నావు."

బస్సులో లొబాట్సే దాకా
ఒళ్ళంతా తడుముకుంటూనే ఉన్నాను.