ఉత్తరేణి ఉప్పు

వేదాయపాళెం, మూడో వీధి.
మా మేడ మీద పొగ లేస్తే
సులోచన తీగ మీది దుప్పట్లు లాక్కుని
లోపలికి పోతుంది,
తలుపు కొంచెం గట్టిగానే వేసి.
నేనేం అనను.
నా దుప్పట్లకీ అదే వాసన.

ఎదురుగా నలభై ఏడో నంబరు ప్లాటు.
ఓనరెవరో మాలో ఎవరూ చూళ్ళేదు.
హద్దురాళ్ళు నాలుగు, విరిగిన సింకు ఒకటి,
మిగిలిందంతా ఉత్తరేణి.
దారిన పోయేవాళ్ళ కుచ్చిళ్ళు పట్టుకుని
ఇల్లిల్లూ చూసొచ్చే మొక్క.
అందరూ తిట్టుకుంటూ దులిపేసేదాన్ని
నేను వేరుతో సహా, దణ్ణం పెట్టి పీకుతా.

ఎండబెట్టడం మూడు రోజులు.
కాల్చడం ఒక పూట.
బూడిదకి ఆరింతలు నీళ్ళు పోసి
రాత్రంతా దాని మానాన దాన్ని వదిలెయ్యడం.
తెల్లారి పాత నేతచీర నాలుగు మడతలేసి
వడగట్టి, మళ్ళీ వడగట్టి –
ఇరవై ఒక్కసార్లు అనేది మా అవ్వ, ఉదయగిరి కొండ కింద.
పదకొండోసారికి నా నడుం ఒప్పుకోదు.
మిగతా పదీ అవ్వ ఖాతాలో రాసేస్తా.

కాలేజీ కెమిస్ట్రీ లాబులో ఇరవయ్యారేళ్ళు
గాజుగొట్టాలు కడిగినదాన్ని.
నీలాలు, పచ్చలు, పొంగే నురగలు
ఎవరెవరి పిల్లలో కలిపి చూసి పోయేవాళ్ళు.
నా వంతుకి అడుగున మడ్డి.
"పెంచలమ్మా, బ్యూరెట్టు జాగర్త" –
నాకు చెప్పిన పాఠం అదొక్కటే.
ఇప్పుడు మంటా నాదే, బాణలీ నాదే,
పగిలితే పగిలేదీ నాదే.

మొదట్లో వీధి అనుకుంది: బంగారం.
తర్వాత అనుకుంది: నాటుసారా.
ఒక హోంగార్డు వొచ్చాడు.
మెట్లెక్కిన ఆయాసానికి చెంబెడు నీళ్ళు తాగి,
బాణలి అంచున తెల్లగా కట్టినదాన్ని వేలికి రాసుకుని నాకి
"ఇదేందమ్మా, సబ్బు మాదిరుండాది" అన్నాడు.
అవును నాయనా.
గోతాం మొక్కకి చెంచాడు ఉప్పు.
దాని మొండితనమంతా ఏమైందంటే
ఆ చెంచాడే.

మూత పోయిన ఊరగాయ సీసాలో పోసి
కిటికీలో పెట్టా.

కార్తీకంలో ఒక పొద్దున
ఉప్పు చెమర్చింది.
ఆకాశంలో మబ్బు తునక లేదు.
మధ్యాహ్నానికి సీసా అడుగున తడి,
రాత్రికి ఉప్పే లేదు,
తేనెలాగా బద్ధకంగా కదిలే నీళ్ళు.
మర్నాడు టీవీలో చెప్పారు,
కృష్ణపట్నం రేవులో మూడో నంబరు హెచ్చరికని.

గాలిని తాగింది, ఎవరూ పోయకుండానే!
కాల్చినా, కడిగినా, మరగబెట్టినా
దాహం మాత్రం మరిచిపోలా.
మళ్ళీ కాచాను. మళ్ళీ ఉప్పే.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ తాగింది.
లాబులో ఎవరన్నా ఈ సంగతి నాకు చెప్పుంటే
ఇంత నవ్వొచ్చుండేది కాదు.

ఇప్పుడు సులోచన గోడ మీంచి అడుగుతుంది:
"పెంచలక్కా, నీ ఉప్పు చెమర్చిందా?
వొడియాలు పెట్టుకోవాల."
ఎండుచేపల మస్తాన్‌బీ అడుగుతుంది.
కూతురి పెళ్ళికి షామియానా చాలా, రేకులు వేయించాలా అని
ఆ హోంగార్డు ఫోన్ చేశాడు.
ఒకసారి తప్పు చెప్పా.
సులోచన వొడియాలు నాని పిండైపోయాయి.
రెండు రోజులు మాటల్లేవు,
దుప్పట్లు మాత్రం తీగ మీదే ఉంచింది.

నిన్న నలభై ఏడులోకి జేసీబీ దిగింది.
గంటలో నున్నగా గీకి పడేసింది.
ఓనరంట, చెంగల్రాయుడంట,
చేతులు కట్టుకుని చూస్తా నిలబడ్డాడు.
ప్యాంటు అంచుకి
ఉత్తరేణి గింజలు, నాలుగో అయిదో.
దులుపుకోమని చెప్పలేదు.
కారు మలుపు తిరిగేదాకా చూసి
మేడెక్కి,
బాణలి కడిగి బోర్లించా.