కనీస దూరం

టవర్ క్రేన్ క్యాబిన్‌లో కూర్చునేవాడికి
దూరం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.
అరవై మీటర్ల కింద మనుషులంటే పసుపు టోపీలు,
టోపీ కింద ఏముందో నాకు అనవసరం,
కొక్కెం ఎక్కడ దిగాలో అంతే.

అయినా హవల్లీలో కోయా కొట్టు ముందు
మూడు శుక్రవారాలు నిలబడ్డాను,
పట్టుచీరలు కొనే పెళ్ళివారిలా
ఒకటి విప్పించి, ఒకటి మడిపించి.

నూరు–నాలుగొందలు తేలిక,
మెడకి తగిలిస్తే పిల్లిపిల్లంత.
డెబ్బై–రెండొందలు, తెల్లది,
చీకట్లో కూడా చూస్తుందన్నాడు కోయా.
ధర విని నా కళ్ళకే చీకట్లు కమ్మాయి.
నూటయాభై–ఆరొందలు సెకండ్ హ్యాండ్,
ఎవరో ఫిలిప్పీన్స్ నర్సుదట,
ఊరికి పోతూ అమ్ముకుంది.
రెండు కిలోలు. ఎత్తగానే
ఎడమ మణికట్టు, ఎవడ్రా వీడు, అంది.

"నీకు కావలసింది పక్షా, బంతా?"
రెండూ అన్నాను.
"అయితే రెండు కొను."
నవ్వి టీ తెప్పించాడు.

పక్షి అంటే సులైబిఖాత్ బురదలో రాజహంస.
తడ దారిలో బస్సు కిటికీలోంచి
గులాబీ మరకలా కనిపించి పోయేది,
అప్పుడు మెడ తిప్పి చూసిన పాపాన పోలేదు.
బంతి అంటే సులైబియా ఇసకలో
మస్తానయ్య వేసే టేపు బంతి.
వారమంతా నీళ్ళ ట్యాంకర్ తోలి
శుక్రవారం తెల్లారి
ఇరవై అడుగులు పరిగెత్తుకొస్తాడు.

కోయా లెన్సు కన్ను గురించి చెబుతున్నాడు,
పెద్ద కన్నయితే వెలుతురు ఎక్కువ తాగుతుందని.
ఈ దేశంలో వెలుతురు కూడా
దుడ్లు పెట్టి కొనాలా అన్నాను.
కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత ఒక్క మాట చెప్పాడు,
అది మాత్రం ఉచితం:
"తొమ్మిది దాటాక తియ్యకు. నేల ఉడుకుతుంది.
లాగితే హంస ఒక్కటే దగ్గరికి రాదు,
మధ్యలో గాలి కూడా వస్తుంది."

గుమ్మంలో నిలబడి రోడ్డవతలకి గురిపెట్టాను.
ఏసీ పెట్టె మీద పావురం,
దాని కంటి చుట్టూ నారింజ గీత,
ఆ గీతలో ఎక్కడో సన్నగా రోడ్డు, రోడ్డులో నేను.
నూట ఎనభై అన్నాడు. నూట అరవై అయిదు ఇచ్చాను.
మూడు నెలల ఓవర్‌టైము
సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

మొదటి శుక్రవారం
హంసలవి రెండొందల పన్నెండు, పనికొచ్చినవి తొమ్మిది.
మ్యాచ్‌లో ఒక స్టంపు, ఎవరిదో మోచెయ్యి,
చాలా ఆకాశం.
జూమ్ వెనక్కి తిప్పేలోగా
బంతి బౌండరీ దాటి కారు కింద దూరింది.

రాత్రి మహబూలాలో, గదిలో,
"నాది ఒకటి తియ్యన్నా" అన్నాడు మస్తానయ్య.
నాలుగేళ్ళుగా నా కింది మంచం అతనిది.
లెన్సు ముందుకీ వెనక్కీ గిరగిరలాడింది,
చీకట్లో తాళంచెవి వెతుక్కునే చెయ్యిలా.
మంచం దగ్గర మసక. తలుపు దగ్గరా మసకే.
రెండు మీటర్ల డెబ్బై లోపల
ఇది ఎవర్నీ గుర్తుపట్టదట.
ఆరుగురం పడుకునే గదిలో
అంత దూరం ఎవరికి ఉంది?

ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం, అన్నాను.
వరండాలోకి పోయాడు, చెప్పుల కుప్ప దాటి,
కూలర్ పక్కన ట్యూబ్‌లైట్ కింద ఆగాడు.
మోటారు ఆగింది.

మీసంలో ఎడమ పక్క నెరిసింది.
పై పెదవి మీద పాత కుట్టు,
మూడు దారాలవి ఉంటుంది,
సరిగా అతకనిది.
ఎప్పటిదని అడగాలనిపించింది,
అంత దూరం నుంచి ఎలా అడగను?

"ఏందన్నా అట్ట చూస్తాండావు,
తియ్యి, కూర మాడిపోతాంది."